అరుగుమీది వర్తకుడు

గోదావరి గట్టు తెంచుకొని లంకలన్నింటిని ఏకార్ణవముగా జేసి కొబ్బరితోపుల నడుమ నాటుపడవలు నడిపించిన ఎనుబదియారవనాటి పెనువరద పోయిన ముప్పదియైదవ యేట శ్రావణమాసమున జరిగిన సంగతి యిది. ఆ ప్రాంతమువారికి సంవత్సరముల పేరులు పంచాంగమునందే గాని నోట నిలువవు. పిల్ల పుట్టినను పెద్ద గిట్టినను ఇల్లు లేచినను కూలినను ఆ వరదకు ముందా వెనుకా యని కొలుచుకొనుటయే వారి పరిపాటి.

ఆ యేడును నదికి ఎర్రనీరు వేళకే దిగెను. ఎక్కడి కొండలనో కరగించి తెచ్చిన జేగురుమట్టితో వసిష్ఠపాయ నిండుచూలాలివలె బరువుగా మెల్లగా సముద్రాభిముఖియై సాగుచుండెను. మధ్యాహ్నపు జల్లు వెలసిన గోగులంక బజారు తడిసిన కోడివలె ముడుచుకొని యుండెను. రెండు పర్యాయములు ఊరినూడ్చిపోయిన మహమ్మారి మూడవమారు వచ్చునో రాదో తెలియక సగము తెరచి సగము మూసిన అంగళ్లును, తుప్పుపట్టి పైకెత్తినపుడెల్ల ఆక్రోశించు ఇనుపరేకులును, మనుజునకు మనుజునకు నడుమ నుండవలసిన దూరమును కొలిచి వీధిపై సున్నముతో గీసిన వలయములు వానలకు సగము కరగి ఎవ్వరును నిలువని గళ్లుగా మిగిలిన తీరును చూపరుల మనసు కలచునట్టివి.

ఆ బజారునడుమ చలువాది పేరయ్యగారి బట్టలకొట్టు కలదు. పేరయ్య డెబ్బదియేండ్లు దాటినవాడు. చదువు మూడవ తరగతితో ముగిసినది. మాట అంతకు ముందే ముగిసినదని ఊరివారందురు. గజముకర్రతో గుడ్డ కొలిచినట్లే మాటయు కొలుచునని, గుడ్డకైనను కొసరు వేయునుగాని మాటకు కొసరు వేయడని ఆయనను గూర్చి బజారున ఒక సామెతయే పుట్టెను. మితభాషి యగుటచేత ఆయన పలికిన పలుకునకు విలువ హెచ్చు. పేరయ్య ఔననిన ఔను కాదనిన కాదు. ఈ విలువయే ఆయనకు ఆస్తి. పిదప ఈ విలువయే ఆయన మెడకు ఉరియయ్యెను.

కొట్టునకు ముందొక అరుగు కలదు. పేరయ్య తండ్రి రేవునుండి నల్లరాయి దింపించి కట్టించినది. ఆ బజారు వర్తకులకు అరుగువిషయమున ఒక ఆచారము కలదు. కొట్టు అద్దెకిత్తురు, మేడ అద్దెకిత్తురు, గోదామునైనను అద్దెకిత్తురు, అరుగుమాత్రము అద్దెకీయరు. అరుగుమీద అద్దె తినుట బాటసారికి నీడను అమ్ముటవంటిదని వారి పెద్దలు చెప్పిపోయిరి. కావున గడియారములు బాగుచేయువాడును గాజులమలారమువాడును కుట్టుపనివాడును తరతరములుగా ఒక్కొక్క అరుగును నమ్ముకొని కాగితములేక రసీదులేక బ్రతుకుచుందురు. ఏటికొక్కసారి షావుకారు అరుగుమీదివానికి పంచె పెట్టును. వాడు షావుకారింటి దేవునిపీటకు పట్టువస్త్రము కుట్టి తెచ్చును. ఉభయుల నడుమ నున్న పత్రము అదియొక్కటే.

పేరయ్యగారి అరుగుమీద ఇరువదియెనిమిదేండ్లుగా కుట్టుమిషను వేసికొని కూర్చున్నవాడు నూకరాజు. షావుకారు ఎంత మితభాషియో వీడంత వాచాలుడు. ఆ మౌనమునకు వీడు వ్యాఖ్యాత. చీర విప్పి చూచిన ఇల్లాండ్రు రంగు నిలుచునా యని అడిగినపుడు పేరయ్య ఒక మూలుగు మూలిగి ఊరకుండగా, అరుగుమీదినుండి నూకరాజు దారము పంటితో తెంచుచు అర్థము చెప్పుచుండును.

“షావుకారుగారు ఊఁ అన్నారంటే రంగు దిగదనండి. ఊఁహూఁ అన్నారంటే దిగుద్దనండి. అసలేమీ అనలేదనుకోండి, తమరు బేరం మరీ కిందకి అడిగేరని అర్థమండి. ఆయ్.”

ఇల్లాండ్రు నవ్వుదురు. బేరము కుదురును. చీరవెంట రవికెగుడ్డ చిరుగును. ఆ గుడ్డ గడపదాటి అరుగుమీదికి పోవును. ఇట్లు లోపలివాని వర్తకము వెలుపలివానిని, వెలుపలివాని వర్తకము లోపలివానిని పోషించుచు వచ్చెను.

అట్టి వేళ మహమ్మారి వచ్చెను. వివాహములు నలుగురితో ముగిసెను. పండుగలు తలుపులు మూసికొని జరిగెను. కొత్తచీర కట్టి ఎవరికి చూపవలె? మొదటి విడతలో నూకరాజు పేరయ్యగారి కొట్టున మూలబడిన ముక్కగుడ్డలు అడిగి తీసికొని మూతికి గట్టుకొను మాస్కులు కుట్టి రేవుకూలీలకును చేపలమ్ము స్త్రీలకును ఊరకే పంచిపెట్టెను. రెండవ విడతలో వాని యింట ముగ్గురును మంచమెక్కిరి. ప్రాణములు దక్కినవిగాని మిషను దక్కలేదు. దాని తలకాయను అమ్మి బియ్యమును మందులును తెచ్చుకొనెను. అంగళ్లు మరల తెరచిన పిమ్మట ఇనుపకాళ్లు మాత్రము మిగిలిన ఆ మిషనును యథాస్థానమున నిలిపి, దానివెనుక కూర్చుండి, సూదితో గుండీలు కుట్టుచు అంచులు మడచుచు కాలము గడుపుచుండెను.

ఇది యిట్లుండగా రాజధానియందు శాసనసభ కొలువుదీరి మహమ్మారిచేత కుంగిన వృత్తివ్యాపారములను లేవనెత్తుటకై పునరుద్ధరణచట్టము నొకదానిని గావించెను. గంగ శివుని జటలనుండి దిగినట్లు ఆ చట్టము గెజిటునుండి జిల్లాకు జిల్లానుండి మండలమునకు మండలమునుండి గోగులంక గ్రామసచివాలయమునకు దిగివచ్చునప్పటికి వేగము తగ్గినదిగాని నీరు ఎండలేదు. పనిముట్టు పోయినవానికి పనిముట్టు. సరుకు కుళ్లినవానికి సరుకు. అంగడి మూసినవానికి మూడేండ్ల పన్నుల మినహాయింపు. ఇందు ఐదవ విధి వింతయైనది. సొంతచోటు లేక ఒరులచోట వ్యాపారము సాగించుకొనువానికి రసీదులు లేకున్నను స్థలస్వామి నోటిమాటయే సాక్ష్యముగా చెల్లునని అందు వ్రాసిరి. చట్టములు సాధారణముగా మనిషిని నమ్మవు, కాగితమును నమ్మును. ఈ చట్టమును వ్రాసినవాడెవడో అరుగులెరిగినవాడు గాబోలు, మనిషినే నమ్మెను.

నూకరాజు ఆ వార్త వినినదినమున వాని ముఖము పెండ్లికొడుకు ముఖమయ్యెను.

“కొత్త మిషనంటండీ షావుకారుగారూ! కాలితో తొక్కక్కర్లేదంట. మోటారంట. మీరొక్క మాట ఔనంటే చాలంట. నా అదృష్టం చూడండి, ఊళ్లో మాటలు రాల్చేవాళ్లింతమంది ఉండగా ప్రభుత్వంవారు నన్ను మీ నోటికి అప్పగించేరు.”

పేరయ్య పెదవి చివర నవ్వువంటిదేదో కదలెను. “చూద్దాంలే” యనెను. నూకరాజు దానిని సమ్మతిగా గ్రహించెను. నిజమునకు ఆ క్షణమున అది సమ్మతియే.

ఆ సాయంతనమే దస్తావేజులు వ్రాయు సోమయాజులుగారు పంచెకొనుటకు వచ్చి పంచె కొనకయే కూర్చుండెను. ఆయన ఊరిలోని హద్దుతగవులన్నిటిని కలమున నింపుకొని తిరుగువాడు.

“పేరయ్యగారూ, ఆ నూకరాజుకి మాటిచ్చారటగా?” యని నెమ్మదిగా ఎత్తుకొనెను. “ఇవ్వండి, పుణ్యం. కాని ఒక్కటి. ఇరవై ఎనిమిదేళ్లుగా నా అరుగుమీద వ్యాపారం చేస్తున్నాడని సర్కారు కాగితంలో మీరే ఒప్పుకున్నారనుకోండి. పన్నెండేళ్లు దాటి అనుభవంలో ఉన్న స్థలం ఎవరిదండీ? నేను చెప్పనులెండి. వాడు మంచివాడే. వాడి అల్లుడు మంచివాడని మీకు రాసిచ్చిందెవరు?”

సోమయాజులుగారు పోయిన పిదప పేరయ్య ఆ అరుగును చూచెను. ఆ రెండవ విడతలో ఆయన భార్య గతించెను. తమ్ముడు గతించెను. ఏబదియేండ్లు చేతిలో నున్నవన్నియు వ్రేళ్లసందునుండి జారిపోగా చూచినవాని చేయి ఇంకేదియు జారనీయకుండ బిగిసికొనును. ఆ బిగువులో ఎవని గొంతు చిక్కుకొన్నదో దానికి తెలియదు. తండ్రి కట్టించిన అరుగు. కాగితముమీద సిరా పడినచో అరుగు పోవును. ఈ రెండు మాటలు ఆయన చెవిలో ఈగలవలె తిరుగసాగెను.

మూడవదినమున జల్లు వెలసిన ఆ మధ్యాహ్నవేళ సచివాలయోద్యోగిని జ్యోత్స్న యను చిన్నది గొడుగు ముడుచుకొని అరుగెక్కెను. చేత పలకవంటి యంత్రము. నూకరాజు తన కండువాతో అరుగు తుడిచి “రండమ్మా, కూర్చోండి, ఇది మా ఆఫీసే” యని నవ్వెను.

“తాతగారూ, ఈ అరుగుమీద నూకరాజుగారు టైలరింగు చేసుకుంటున్నట్టు అర్జీ వచ్చిందండి. స్థలం మీదే కదండీ? ఔనంటే చాలు, ఇక్కడ నొక్కేస్తాను.”

పేరయ్య వీధిలోనికి చూచెను. తడిసిన కుక్కయొకటి సున్నపువలయమునందు చుట్టచుట్టుకొని పడుకొనెను. ఆయన దానినే చూచుచుండెను.

“మా షావుకారుగారంతేనమ్మా. ఆయన్తో ఔననిపించడమంటే వరద గోదారికి ఎదురీదడమే. కాసేపాగండి, వచ్చుద్ది” యని నూకరాజు చిన్నదానికి ధైర్యము చెప్పెను.

అప్పుడు పేరయ్య నోరు విప్పెను.

“ఊరికే కూర్చుంటాడమ్మా.”

చిన్నది తల యెత్తెను. “అంటే వ్యాపారం కాదాండీ?”

పేరయ్య చూపు మరల ఆ కుక్కమీదికి పోయెను. ఆమె నూకరాజువైపు తిరిగెను. వాని ముఖమున నవ్వు ఎక్కడనుండెనో అక్కడనే ఆగిపోయి, పోవుటకును నిలుచుటకును తెలియనిదై, ఒక క్షణమునకు మరల కదలెను. ఇరువదియెనిమిదేండ్ల అలవాటు! షావుకారుమాటకు అర్థము చెప్పుట వాని వంతు. చెప్పెను.

“మరేనండి. షావుకారుగారు చెప్పింది సరైనదేనండి. మిషనే లేదు కదండీ, కూర్చోక ఏం చేస్తాను? పెద్దోళ్లు గదా, చల్లగా ఉంటదని కూర్చోనిచ్చేరు. రాసేసుకోండమ్మా. ఆయ్.”

ఆమె నొక్కవలసినది నొక్కెను. గొడుగు విప్పికొని పోయెను. నూకరాజు చాప చుట్టెను. సూదులడబ్బా సంచిలో వేసికొనెను. ఇనుపకాళ్లను భుజమున కెత్తుకొని మెట్టు దిగి, తిరిగి చూచి, “వస్తానండి షావుకారుగారూ” యనెను. పోతానని యనలేదు, ఆ మర్యాదయు తప్పలేదు.

తాను గోతిలో పడుచున్నపుడు సయితము త్రోసినవాని పరువు చెడకుండ కాళ్లు కూడదీసికొని దూకినట్లు దూకువానిని చూచినచో త్రోసినవాని గతి యేమగును? పేరయ్య కొట్టులోనికి పోయి, మడతపెట్టియున్న తానులను విప్పి మరల మడతపెట్టెను.

పిదప దినములు మెల్లగా నడచెను. రవికెగుడ్డ చింపించుకొన్న ఇల్లాండ్రు అలవాటున అరుగువైపు చేయిచాచి “నూకరాజేడండీ?” యని అడుగుదురు. పేరయ్య మూలుగును. ఆ మూలుగునకు అర్థము చెప్పువాడు లేడు. వారు కొంతసేపు నిలిచి గుడ్డ సంచిలో పెట్టుకొని పోదురు. వారములోపలనే సహాయార్హుల పట్టిక వచ్చెను. పేరయ్యగారి కొట్టునకు మూడేండ్ల పన్నుల మినహాయింపు. తన పేరు అచ్చులో చూచినపుడు ఆయనకు అది పేరువలె తోచలేదు, పచ్చబొట్టువలె తోచెను.

ఎదిరివాడు నిందించినచో మారుమాట వెదకుకొనుటలోనైనను మనసు కొంత తీరిక చెందును. ఇచట నిందించువాడు లేడు. సోమయాజులుగారు మాత్రము వచ్చి “మంచిపని చేశారు, అరుగు దక్కింది” యని మెచ్చుకొనెను. ఆ మెప్పు తిట్టుకంటె లోతుగా దిగెను. భార్య పోయిననాడు రోగభయముచేత బంధువు లొక్కరును గుమ్మము తొక్కలేదు. కొడుకు వరుసవారు దూరమునుండియే దండము పెట్టిరి. ఆనాడు పాడెకు నాలుగవ భుజము నూకరాజుది. పేరయ్య ఈ సంగతిని మరచినవాడు కాడు. అరుగుమీద ఔనని చెప్పవలసిన ఆ గడియలో సయితము జ్ఞాపకముంచుకొనియే ఆ మాట యనెను. మరచియుండినచో ఇంత సిగ్గు లేకపోవును.

పట్టిక వచ్చిన మూడవనాటి ఉదయమున నూకరాజు భార్య పెద్దింట్లు ఒక మూట తెచ్చి గడపకవతలనే పెట్టెను. లోపలికి రమ్మనినను రాలేదు.

“మీ ముక్కగుడ్డలండి. మాస్కులకి మిగిలినయ్యి. ఊరికే కూర్చునేవోడింట్లో మీ సరుకుంటే బాగోదు కదండీ.”

“వాడేడే పెద్దింట్లూ?”

“మూట సర్దుకుంటన్నారండి. ఎల్లుండి ఐదరాబాదు బస్సు. మా తమ్ముడు ఏదో అపార్టుమెంటుకాడ వాచుమేను పని కుదిర్చేడు. గేటుకాడ కుర్చీ ఏసి కూర్చోబెడతారంట. కూర్చున్నందుకు జీతమంటండి. మా ఆయనకి బాగా తెలిసిన పనే గదా! తమరే సర్టిపికేట్ ఇచ్చేరు.”

పేరయ్య తల వంచుకొనెను. “తిట్టేడా నన్ను?” యని అడిగెను.

“తిడితే నాకు సల్లగా ఉండునండి! ఇంటికొచ్చినోళ్లందరికీ మీ తరపునే చెప్తన్నారు. షావుకారుగారు అబద్ధమాడరే, నేనే పని మానేసేనే అంటన్నారు. వింటంటే నాకు ఒళ్లు మండిపోతంది. ఆయనకి కాదండి, మీకు మండాలి.”

ఆమె పోయెను. పేరయ్య మూట విప్పలేదు. కొట్టు మధ్యాహ్నమే మూసి సచివాలయమునకు నడచెను. ఆయన పనివేళ కొట్టు మూయుట భార్య పోయిన దినము తరువాత అదియే మొదలు. దారిలో ఎదురైనవారు ఏమి జరిగెనో యని కలవరపడిరి.

జ్యోత్స్న బల్లయొద్ద జనము పలుచగా నుండెను. పేరయ్య నిలుచుండెను. కూర్చొనుమనినను కూర్చొనలేదు.

“నేనన్నది తప్పమ్మా” యనెను. ఆ మాట గొంతులోనుండి వచ్చినట్లులేదు, ఎవరో లాగినట్లుండెను.

చిన్నది తెలివిగలది. ఏది తప్పని అడుగలేదు. చట్టపుప్రతిని తీసి ఐదవ విధియొద్ద వ్రేలుంచి “అరుగు పోతుందని భయపడ్డారా తాతగారూ?” యనెను. పేరయ్య ఉలికిపడెను. “చాలామంది భయపడుతున్నారండి. దాని కిందే రాసుంది చూడండి.” ఆమె చదివెను. స్థలస్వామి యిచ్చు ఈ మాటవలన ఆ స్థలముపై వ్యాపారికి ఎట్టి హక్కును సంక్రమింపదని ఆ విధికి దిగువనే, వ్రేలెడు దూరమున, స్పష్టముగా వ్రాయబడియుండెను.

పేరయ్య ఆ పంక్తిని తానును చదివెను. మూడవ తరగతి చదువునకు అందునంత మెల్లగా అక్షరమునకక్షరము కూడబలుకుకొని చదివెను. ఎక్కడో రాజధానియందు ఎన్నడును తన్ను చూడనివారు, తన అరుగును చూడనివారు, తన భయమును ముందుగా నెరిగి దానికి మందు వ్రాసియుంచిరి. తానో, ఇరువదియెనిమిదేండ్లు పదడుగుల దూరమున కూర్చున్నవానిని నమ్మక, పంచె కొనకపోయినవానిని నమ్మెను.

“దిద్దేదానికి దారుందండి” యని చిన్నది పుటలు త్రిప్పెను. “పదకొండో సెక్షను. ముందు చెప్పింది ఎందుకు తప్పో చెప్పినవారే సొంతదస్తూరీతో రాసివ్వాలండి. ఆ కాగితం వారంరోజులు సచివాలయం గోడకి అంటించి ఉంచాలి. ఇంకొకటండీ... అలా తప్పుచెప్పినవారికి వచ్చిన సహాయం రద్దవుద్ది. మీ మినహాయింపు పోద్దండి.” ఆమె కొంచెము ఆగి “గడువు ఇంక రెండురోజులే” యనెను.

“నూకరాజుకి?”

“పేరెక్కుద్దండి. మిషనొచ్చుద్ది. ఆయన ఏ ఊళ్లో ఉన్నా ఆయనదే.”

“ఊఁ” యనెను పేరయ్య.

“రాయగలరా తాతగారూ? ఎంతవరకు చదివారు?”

“మూడు.”

ఆ సాయంకాలము పడమటిగట్టుమీద పొద్దు వాలుచుండ పేరయ్య కొట్టు గడపయందు కూర్చుండి తొడపై అట్టయుంచుకొని వ్రాయసాగెను. తానుల కొలతలు తప్ప వాక్యములు వ్రాసి ఆ చేతికి అరువదియేండ్లయ్యెను. మొదట ‘గుర్తులేక చెప్పేను’ అని వ్రాసెను. చదువుకొనెను. అదియు అబద్ధమే. చింపెను. పిదప ‘వినపడక చెప్పేను’ అని వ్రాసెను. అదియు చింపెను. సోమయాజులుగారు ఆ దారినే పోవుచు ఆగి విషయము తెలిసికొని నెత్తి కొట్టుకొనెను.

“మీకేమైనా మతిపోయిందా? గోడకెక్కుతారటండీ ఈ వయసులో? సరే, రాయక తప్పదంటే ‘పొరపాటున’ అని ఒక్క ముక్క వేయండి. ఆ ముక్కలో ఎంతటి తప్పయినా ఇమిడిపోతుంది. ముప్పై ఏళ్లుగా నేను అన్నం తింటున్నది ఆ ముక్కమీదేనండీ!”

పేరయ్య ఆ ముక్కయు వ్రాసి చూచెను. నున్నగా నుండెను. పట్టుబట్టపై చేయి జారినట్లు కన్ను జారిపోవుచుండెను. ఎక్కడను తప్పు తగులదు. దానిని అడ్డముగా కొట్టివేసి, క్రొత్తకాగితము తీసి, ఈసారి ఆగక వ్రాసెను. సోమయాజులుగారు భుజముమీదుగా చదివి వెడలిపోయెను. పోవునపుడు ఆయన నడక కొంచెము తొందరగానే యుండెను.

మరునాటి యుదయమున పేరయ్య స్నానము చేసి ఉతికిన పంచె కట్టి నుదుట బొట్టు పెట్టుకొని సచివాలయము తలుపు తీయకముందే మెట్లమీద నిలుచుండెను. జ్యోత్స్న కాగితము చదివి తలయెత్తి, ఎవరును వినకుండ మెల్లగా “‘భయపడి’ అన్న మాట తీసేయొచ్చండి తాతగారూ, చట్టానికి అక్కర్లేదు” యనెను.

“ఉండనీ అమ్మా.”

ఆమె పట్టికలో కాదని యున్నదానిని ఔనని మార్చెను. నూకరాజునకు ఫోను చేసెను. అవతల పెద్దింట్లు ఎత్తినదని, విని యేమియు ననక పెట్టివేసినదని చెప్పెను. రేపటి బస్సు ఎక్కుదురో మానుదురో ఆ చిన్నదానికి తెలియదు. పేరయ్య అడుగలేదు. వాని యింటికి పోయి నిలుచుటకు ఆయనకు మొగము చెల్లలేదు. గోడయొద్ద నిలుచుటకు మాత్రము చెల్లవలెనని నిశ్చయించుకొని వచ్చెను. జిగురు తానే పూసెను. కాగితము తానే అంటించెను. మూలలు లేవకుండ అరచేతితో ఒత్తెను. అంటించి ఇంటికి పోవునని అందరును తలచిరి. పోలేదు. పక్కనే నిలుచుండెను.

పింఛనులకును రేషనుకార్డులకును వచ్చిన జనము క్రమముగా చేరెను. చదువువచ్చినవారు చదివి ఆయనవైపు చూచి చూపు మరల్చుకొనిరి. ఒక పడుచువాడు పకపక నవ్వెను. ఎవడో వెనుకనుండి “షావుకారుగారు ఇన్నిమాటలు ఒక్కసారే వాడేసేరేంట్రా” యనెను. పేరయ్యకు ముఖము మండెను, అయినను కదలలేదు. చట్టములు సభలందు పుట్టునుగాని వాని ప్రాణము నలుగురు నడచు త్రోవలో నోరు విప్పువానియందుండును. అచట నోరు మూసికొన్నవాని ఋణము అచటనే తీరవలెను.

చేపలబుట్ట దింపి చెమట తుడుచుకొనుచు ఒక ముసలామె గోడయొద్దకు వచ్చెను. లంకలనుండి వచ్చినది, ఊరివారి మొగము లెరుగదు.

“అందరూ దీన్నే సూత్తన్నారు. ఏటి నాయనా రాసుంది? నాకు సదువు రాదు. ఏటన్నా ఇత్తన్నారా?”

పేరయ్య కాగితముమీద వ్రేలుంచి, పంక్తికి పంక్తి, అందరును వినునట్లు చదివెను.

“నేను చలువాది పేరయ్య. టైలరు నూకరాజు నా అరుగుమీద ఇరవై ఎనిమిదేళ్లు మిషను కుట్టేడు. అది వ్యాపారమే. ఊరికే కూర్చుంటాడని నేను చెప్పింది అబద్ధం. అరుగు పోద్దని భయపడి చెప్పేను. అతను నా పరువు పోకుండా ఔనన్నాడు.”

ముసలామె నోటిమీద చేయివైచుకొనెను. “ఓలమ్మో! రాయిముక్కకోసం మడిసి నోట మన్ను కొట్టేడా? ఎవడు నాయనా ఆ మారాజు?”

“నేనేనమ్మా” యనెను పేరయ్య.

ఆమె ఆయనను క్రిందినుండి మీదికి ఎగాదిగా చూచెను. తిట్టబోయి మానెను. ఓదార్చబోయి మానెను. బుట్ట నెత్తికెత్తుకొని, వెనుకనున్న మరియొక చదువురాని స్త్రీకి చోటిచ్చి తొలగెను. ఆ స్త్రీయు గోడవైపు చూచి ఆయనవైపు చూచెను. పేరయ్య మరల వ్రేలు మొదటి పంక్తిమీద నుంచి, చదువ నారంభించెను.